బాపు కాలు

మా బాపు ఎదురుకాళ్లతో పుట్టాడు. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుంనొప్పి పోతుందని మావైపు గట్టి నమ్మకం. ఆయన బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో, షిఫ్టు దిగినవాళ్లు వచ్చి మా క్వార్టర్ ముందర బోర్లా పడుకునేవాళ్లు. బాపు ఎడమకాలు మెల్లగా ఆనించి తొక్కేవాడు. నవ్వుకుంటూ లేచిపోయేవాళ్లు. అమ్మకు అదంటే భలే గర్వం.

బాపు రిటైరయ్యాక గోదావరిఖనిలోనే ఇల్లు కట్టుకున్నాం. మొన్న ఎండాకాలం అమ్మ నీళ్ల బిందె ఎత్తబోయి, నడుం పట్టుకుని కూలబడింది. దవాఖానకు పోదామంటే వింటేనా! ఇంట్లో వైద్యం పెట్టుకుని ఊరంతా తిరుగుతారా అని నన్నే దబాయించి, బోర్లా పడుకుని బాపును పిలిచింది. ఆయన ఎప్పటిలాగే కాలు ఆనించాడు. అమ్మ పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.

కరీంనగర్‌లో డాక్టరు స్కానింగు చూసి, ఎముకలు గుల్లబారి వెన్నుపూస ఒకటి నలిగిపోయిందన్నాడు. బిందె ఎత్తినప్పుడే విరిగి ఉంటుందన్నాడు. తొక్కడంతో ఇంకాస్త కుంగి ఉండొచ్చనీ అన్నాడు. బాపు చెవికి ఆ చివరి మాటే ఎక్కింది. మందులకు నొప్పి లొంగకపోతే సూదితో పూసలోకి ఎముకను గట్టిపరిచే సిమెంటు ఎక్కించారు. నొప్పి చాలావరకు తగ్గింది. వంగిన నడుం మాత్రం వంగినట్టే ఉండిపోయింది. ఎముకల బలానికి ఇంజక్షన్లు ఇప్పటికీ వేయిస్తున్నాం.

అప్పట్నుంచి బాపు అమ్మను ముట్టుకోవడమే మానేశాడు. మంచినీళ్లు అడిగినా గ్లాసు పక్కన పెట్టి దూరం జరిగేవాడు. నడుంనొప్పని ఎవరైనా గుమ్మంలోకొస్తే లోపలికి పోయి తలుపేసుకునేవాడు. నాకు చెడ్డ కోపం వచ్చేది. ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు.

అమ్మ లేచి తిరిగేటప్పుడు నడుముకు బెల్టు కట్టాలి. ఒక పొద్దున నేను కట్టబోతుంటే అమ్మ నన్ను ఆపి, బాపును పిలిచింది.

“నాతోని కాదు. నా చెయ్యి తాకితె ఇంకేమైతదో,” అన్నాడు బాపు.

“ఏం గాదు, రా. నువ్వు గిట్ల దూరం దూరం ఉంటేనే నాకు పానం పోయినట్టైతంది.”

బాపు కళ్లు తుడుచుకుని, రెండు చేతులతో బెల్టు చుట్టి కట్టాడు. బాయిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టిన చేతులవి.

ఇప్పుడు రోజూ ఆయనే కడతాడు. లాగితే ఎక్కడ విరుగుతుందోనని వదులుగా కడతాడు. ఆ బెల్టు ఉన్నా లేనట్టే. ఆయన చాయ్ తాగడానికి సడక్ మీదికి వెళ్లగానే అమ్మ నన్ను పిలిచి, గోడ పట్టుకుని నిలబడుతుంది.

“జల్ది బిగియ్యి, బిడ్డా. బాపుకు చెప్పకు.”