చుట్టూ దుమ్ము పట్టిన సీసా

పేట మొత్తానికీ ఆవిడ సీసాలమ్మ. ఇరవై ఎనిమిదేళ్లుగా ఖాళీ సీసాలు కొని, కడిగి, ఆరబెట్టి, మందుల కంపెనీలకీ పానీయాల కంపెనీలకీ అమ్ముతోంది. సీసా చేతికొస్తే ముందు తిరగేసి అడుగు చూస్తుంది, అక్కడి అచ్చు గుర్తుల్ని బొటనవేలితో తడుముతుంది. ఏ ఏడు పోసిన గాజో, ఎన్నిసార్లు తిరిగొచ్చిందో చెప్పేస్తుంది. ఒకరు నేర్పిన విద్య కాదది, వేళ్లు తెగి తెగి అబ్బింది. ఆ సంపాదనతోనే కూతుర్ని చదివించి గొప్పింటికి ఇచ్చింది. ఆ గొప్పే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

అల్లుడు తన తల్లిదండ్రులతో పాటు అత్తగారినీ విదేశయాత్రకి బయల్దేరదీశాడు. మంచివాడే, కాకపోతే మంచికీ చెడుకీ నోరు విప్పడు. విమానం ఎక్కేముందు కూతురు తల్లిని పక్కకి పిలిచి, బృందంలో ఎవరి దగ్గరా సీసాల ఊసెత్తొద్దంది. ఆవిడకి గాజు ఫ్యాక్టరీ ఉందని వియ్యపురాలు అప్పటికే అందరికీ చెప్పేసిందట. ఆ మాట అబద్ధమని తేలితే తను ఆ ఇంట్లో తలెత్తుకోలేదట. సీసాలమ్మకి ఒళ్లు మండింది. అయినా కూతురి కాపురం కదా అని సరేనంది.

ఆ రోజు పొద్దున సముద్రం. అంత దూరం డబ్బు పోసి వచ్చిన ఇరవైరెండు మందీ బస్సు దిగీ దిగగానే సముద్రానికి వీపు తిప్పి ఫొటోలకి నిలబడ్డారు. గైడు కొండ అంచుకి పావుగంట, దీపస్తంభానికి పావుగంట, అలలకి పది నిమిషాలు ఇచ్చాడు. వియ్యంకుడు గట్టు మీది బోర్డు చదివి అలలు ఎంతెత్తు లేస్తాయో అందరికీ వివరించాడు, లేస్తున్న అలని మాత్రం చూడలేదు. వియ్యపురాలు టోపీ ఎగిరిపోతుందని నెత్తిమీంచి చెయ్యి తీస్తే ఒట్టు. వీళ్లకి ఇంటి గోడ మీద సముద్రం బొమ్మ అతికిస్తే సరిపోయేది కదా అనుకుంది సీసాలమ్మ.

మధ్యాహ్నం ద్రాక్షతోటకి తీసుకెళ్లారు. పొడుగాటి బల్ల, మనిషికో గ్లాసు, గ్లాసులో గుక్కెడు వైను. తోట యజమాని గ్లాసు తిప్పమంటే తిప్పారు, వాసన చూడమంటే ముక్కులు దూర్చారు. ఏం వాసనొస్తోందని అడిగితే ఒకరు పళ్లన్నారు, ఒకరు పూలన్నారు. వియ్యంకుడు కళ్లు మూసుకుని, తడి చెక్క వాసన అన్నాడు. యజమాని భేష్ అన్నట్టు తలూపాడు. ఇంక ఆయనకి పట్టపగ్గాల్లేవు, తర్వాత పోసిన ప్రతిదాంట్లోనూ చెక్కే కనిపెట్టాడు. సీసాలమ్మ ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, దీనికన్నా దగ్గుమందు నయమనుకుంది.

అప్పుడు యజమాని లోపల్నుంచి దుమ్ము కొట్టుకుపోయిన సీసా ఒకటి పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు. వాళ్ల తాత చేతి సరుకట, ముప్పైనాలుగేళ్లుగా నేలమాళిగలో పడుకోబెట్టి ఉందట. వియ్యంకుడు లెక్కేసి చూస్తే అది సరిగ్గా కొడుకు పుట్టిన ఏడు. ఆయన కళ్లు చెమర్చాయి. ఎంతైనా సరే కొంటానన్నాడు.

సీసా చేతులు మారుతూ సీసాలమ్మ దగ్గరికొచ్చింది. అలవాటు కొద్దీ తిరగేసింది. పడుకోబెట్టిన సీసాకి పైపక్కే దుమ్ము పడుతుంది. దీనికి చుట్టూ, అడుగున కూడా పిండి అద్దినట్టు సమంగా ఉంది. బొటనవేలితో తుడిస్తే అచ్చు గుర్తు బయటపడింది. నిండా మూడేళ్లు లేని గాజు.

కూతురి చెవిలో ఆ మాటే చెప్పింది.

“అమ్మా, నీకు దండం పెడతాను, ఇక్కడ నోరు విప్పకు” అంది కూతురు.

సీసాలమ్మ విప్పలేదు. వియ్యంకుడు డబ్బు కట్టేశాడు.

కానీ ఆవిడ బొటనవేలు ఆడిన తీరు యజమాని కనిపెట్టేశాడు. ఎవరని గైడుని అడిగాడు, గాజు ఫ్యాక్టరీ యజమానురాలని గైడు చెప్పాడు. ఆ మనిషి మొహం వెలిగిపోయింది. చిన్నగా ఏదో అడిగాడు. గైడు ఏమాత్రం ఆలోచించకుండా అందరికీ వినబడేలా తెలుగులో చెప్పేశాడు: “అమ్మా, ముప్పై నలభై ఏళ్ల కిందటి అచ్చుతో ఖాళీ సీసాలుంటే పంపుతారా అంటున్నారు. ఎన్నున్నా తీసుకుంటారట. పాతవి దొరక్క చాలా ఇబ్బందిగా ఉందట.”

వియ్యంకుడు చంకలో సీసాతో అలాగే నిలబడిపోయాడు. వియ్యపురాలు, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమన్నట్టు సీసాలమ్మ వైపు చూసింది.

“ఫ్యాక్టరీ లేదు బాబూ” అంది సీసాలమ్మ గైడుతో. “ఖాళీ సీసాలు కడిగి అమ్ముకుంటాను. దుమ్ము వదిలించడం నా పని, పూయడం కాదు. ఆ మాట చెప్పు అతనికి.”

గైడు ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో తెలీదు. యజమాని లోపలికి వెళ్లిపోయాడు. సీసా వాపసు ఇచ్చేయమని అల్లుడు మొదటిసారి నోరు తెరిచాడు. తండ్రి వినిపించుకోలేదు. వాపసు ఇస్తే మోసపోయానని ఒప్పుకోవాలి, ఇందాకట్నుంచీ పీల్చిన చెక్క వాసనంతా ఏం కావాలి? దాన్ని శాలువాలో చుట్టుకుని అందరికన్నా ముందు బస్సెక్కి కూర్చున్నాడు.

బస్సు మెట్ల దగ్గర కూతురు తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. మొహం కందగడ్డలా ఉంది. అత్తగారు ఇంక తనతో మాట్లాడదని, ఇంటికెళ్లాక అనుభవించేది తనేనని గొణిగింది. ఒక్క దారే ఉందంది.

“పొరపాటు పడ్డాను, సీసా పాతదే అని మామగారితో ఒక్క మాట చెప్పమ్మా. నాకోసం.”

సీసాలమ్మకి కూతురి మీద జాలేసింది, అంతకు మించి అసహ్యం వేసింది.

“నా గురించి ఎన్ని అబద్ధాలు కావాలంటే అన్ని చెప్పుకో, నోరు మెదపను” అంది. “సీసా గురించి మాత్రం నాచేత చెప్పించకు.”

కూతురు చెయ్యి వదిలేసి, వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది.