చిటికెన వేలి సారు

పంజాగుట్టలో ఆటసామాన్ల దుకాణంలో నేను మూటలు మోసే రోజుల్లో శ్రీనగర్ కాలనీ నుంచి ఒక సారు వచ్చేవాడు. కోస్తా మనిషి, అమీర్‌పేటలో కంప్యూటర్ కొలువు. నన్ను ‘అండీ’ అన్నది ఆయనొక్కడే. ఏ వస్తువైనా చిటికెన వేలికి తగిలించి, కళ్లు మూసుకుని తూచేవాడు. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. పెట్టె మీద రాసిన బరువు ఆయనే చదివేవాడు, చదివీ నమ్మేవాడు కాదు.

ఒకసారి గోల్ఫ్ బ్యాగు, దాన్ని లాగే ట్రాలీ కావాలన్నాడు. ఆదివారం వాళ్ల ఆఫీసు పెద్దసారు వెంట ఆటకు నడిచినవాళ్లకే మేనేజరు కుర్చీ అట. ఈయనకేమో నడుము నొప్పి. అది బయటపడకూడదు.

నాలుగు రోజులు దుకాణమంతా ఆ వేలికి వేలాడింది.

“గిది జర పట్టి చూడుండ్రి సారు, దూది లెక్కుంటది,” అన్నాను.

“ఇంకా తేలికది లేదేంటండీ?”

“ఇగ సంచి లేకుండ పోవుడే సారు!”

చివరికి అన్నిట్లోకీ తేలికైన జత కొని, ఒంటివేలితో లాక్కుంటూ పోయాడు.

సోమవారం పొద్దున్నే నడుం పట్టుకుని వచ్చాడు. ట్రాలీ వెంటే ఉంది.

“ఏమైంది సారు, ఇరిగిందా?”

“విరిగితే బాగుండేదండీ. ఇంత సులువుగా లాగుతున్నావే అని పెద్దసారు తన బ్యాగు కూడా దీనిమీదే పెట్టేశారు. వచ్చే ఆదివారమూ నన్నే రమ్మన్నారు.”

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు. మూలనున్న పాత ఇనుప ట్రాలీకి చిటికెన వేలు తగిలించాడు. అది కదల్లేదు. కళ్లు మూసుకుని, మొదటిసారి తృప్తిగా తలూపాడు.

“ఇది ఇవ్వండి. నన్ను చూస్తేనే పెద్దసారుకి జాలెయ్యాలి.”