కోసినా పోని గోడ గీత

2018లో ఆలేరు బస్టాండు వెనక ఒక షట్టర్ కిరాయికి తీసుకుని ఇంటి ప్లాన్లు గీసే పని మొదలుపెట్టాను. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, నేను. మాది కల్వకుర్తి. ఆలేరులో తెలిసినవాళ్లెవరూ లేరు. పొద్దంతా గీతలతోనే మాటలు. చెప్పినట్టు వినని గీతను తిట్టేదాన్ని, వింటే మెచ్చుకునేదాన్ని. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్లే, కానీ చూడ్డానికి ఎవరున్నారు?

ఆ ఎండాకాలం ఈశ్వరమ్మ వచ్చింది. మగ్గం నేసే మనిషి, భర్త పోయి ఏడాదైంది. పాత ఇల్లు ఆమెకూ మరిది భిక్షపతికీ రెండు వాటాలైంది. కూలగొట్టి కొత్తగా కట్టుకోవడానికి ఎవరో గీసిచ్చిన ప్లాన్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. ఆమెకు కావలసింది ఒక్కటే మార్పు, రెండు వాటాల నడిమి గోడలో ఒక దర్వాజ.

"సుగుణ అటు దిక్కుంటది గదా," అంది. సుగుణ భిక్షపతి భార్య, ఈమెకు తోటికోడలు. "కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పోగుకు కొత్త పోగు మెలేసి అతకాలె. ఆమె అందిస్తే నేను మెలేస్త. పెండ్లయి వచ్చిన కాన్నుంచి గట్లనే. దర్వాజ లేకుంటే గల్లీ తిరిగి రావాలె. నాల్గు దినాలు వస్తది, అటెన్క రాదు. అలవాటు గట్లనే తప్పుతది బిడ్డా."

దర్వాజ పెట్టడం నిమిషం పని. గీతలో అక్కర్లేని ముక్కను కోసేసే కమాండ్‌ను ట్రిమ్ అంటారు. గోడ గీతను దర్వాజ వెడల్పున కోశాను. గీత అలాగే ఉంది. మళ్లీ కోయబోతే కుదరనంది. జూమ్ చేశాను, ఫైలు మూసి తెరిచాను. అదే గీత.

"కోసినవు గదా, మళ్ల మొలిచిందా?" పక్క స్టూలు మీంచి ఈశ్వరమ్మ అడిగింది. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు.

చివరికి ఆ గీతను పట్టుకుని పక్కకు జరిపాను. కింద ఇంకో గీత ఉంది. అదే పొడవు, అదే చోటు. మా దిక్కు పంపకాల ప్లాన్లలో ఇది మామూలే. అన్నదమ్ములు ఎవరి కాగితం వాళ్లకు కావాలంటారు, అందులో తన వాటాకు నాలుగు గోడలూ నిండుగా కనబడాలంటారు. అందుకని గీసినాయన రెండిళ్లూ విడివిడిగా గీసి పక్కపక్కన ఆనించాడు. నడిమి గోడ రెండుసార్లు పడింది. పైగా ఒక్కో వాటాను ఒక్కో లేయర్‌లో పెట్టాడు. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పలుచని కాగితాల్లాంటివి. భిక్షపతి లేయర్‌ను లాక్ చేశాడు. నేను కోసింది ఈశ్వరమ్మ గీతను, మరిది గీత చెక్కుచెదరలేదు.

లాక్ తీయడానికి ఒక్క క్లిక్ చాలు. ఓవర్‌కిల్ అనే కమాండ్ ఇస్తే ఆ జంట గీతల్లో ఒకటి మాయమవుతుంది.

"తీసెయ్ బిడ్డా, గీతనే గదా."

"అది ఆయన గోడమ్మా. సంతకం ఆయన కూడా పెట్టాలి. రేపు రమ్మను," అన్నాను.

భిక్షపతి తన ఆటోలో వచ్చాడు. సుగుణ ఆటోలోనే కూర్చుంది. "చాయ్ తాగుతవా సుగుణా?" అని ఈశ్వరమ్మ గుమ్మంలోంచి కేకేస్తే తల అడ్డంగా ఊపింది, దిగలేదు.

భిక్షపతి మర్యాదగానే మాట్లాడాడు. "పంచుకున్నంక దర్వాజ ఏంది వదినా? రేపు నా పిల్లలు అమ్ముకోవాల్నంటే, వేరేటోళ్ల ఇంట్లకు దర్వాజ ఉన్న ఇల్లు ఎవడు కొంటడు?"

అందులో అన్యాయమేమీ లేదు. ఆటో వెళ్లిపోయాక ఈశ్వరమ్మ స్క్రీన్ మీది గోడ గీతకు వేలు ఆనించింది.

"నా గీత నాదే గదా? నా గోడకు దర్వాజ ఉంచు. ఆయనది ఆయన మూసుకోనీ," అంది.

అలాగే గీశాను, వీపుకు వీపు ఆనించిన రెండు సన్న గోడలు, ఒకదానికే దర్వాజ. కట్టేటప్పుడు మేస్త్రీ ఫోన్ చేశాడు. "మేడం, దర్వాజ ఎన్కకు గోడ వస్తాంది. తప్పు వడ్డదా?"

"లేదన్నా, అట్లనే కట్టు."

గృహప్రవేశమయ్యాక చూడ్డానికి వెళ్లాను. దర్వాజకు పసుపు కుంకుమ, మామిడాకులు. దాని వెనక మరిది ఇటుకలు. మగ్గం గుంట దాని పక్కనే తవ్వించుకుంది. ఒంటరిగా పోగులు అతుకుతోంది, ఒక కొసను పళ్ల మధ్య పట్టుకుని.

"గీడ గోడ ఒక్కటే గదా, సన్నగుంటది. సుగుణ సప్పుడు ఇనొస్తది," అంది.

"మీరు వింటున్నట్టు ఆమెకు తెలుసా?"

"తెల్వకేంది. గిన్నెలు జర గట్టిగ వెడ్తది."

నేనూ చెవి పెట్టాను. అవతల ఒక గిన్నె ఠంగుమంది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పటికీ కోసినా పోని గీతలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ముందు గీతను జరిపి కింద ఇంకోటి ఉందేమో చూస్తాను, అది ఎవరిదో అడుగుతాను, వాళ్లనూ పిలిపిస్తాను. ఆలస్యమవుతుందని కొందరు విసుక్కుంటారు. కంప్యూటర్ ఆ ప్రశ్న అడగదు, మనమే అడగాలి. పనిలో నేర్చుకున్నది అంతే. ఇక నా సంగతంటారా, నేను కిరాయికుండే ఇంట్లో పక్క వాటావాళ్ల టీవీ గోల గురించి ఓనర్‌తో చెబుదామని అప్పటికి చాన్నాళ్లుగా అనుకుంటూ ఉన్నాను. ఈశ్వరమ్మ ఇంటి నుంచి వచ్చిన రోజు నా మంచాన్ని ఆ గోడకే జరుపుకున్నాను.