ఇక పనిచేయదన్నాడు

మా ఆవిడ సినిమా స్క్రిప్టులు టైపు చేసేది. అప్పట్లో ఫిలింనగర్‌లో అద్దెకుండేవాళ్లం. రచయితలు చేత్తో రాసినవి అసిస్టెంట్ డైరెక్టర్లు పట్టుకొచ్చేవారు. ముందుగదిలోని కంప్యూటర్ మీద ఆమె వాటికి శుభ్రమైన ప్రతి తయారుచేసేది. కీబోర్డు వైపు చూసేది కాదు. కళ్లెప్పుడూ కాగితం మీదే.

"అక్కా, హీరోగారి డైలాగు ఇంకో నాలుగు లైన్లు పెరిగింది."

"మధ్యలో ఆయన ఊపిరి తీసుకోడానికి సందేమైనా ఉంచారా?" అనేది, చేతులు ఆపకుండానే.

తొంభైల చివరికి ఆ కంప్యూటర్ బాగా నెమ్మదించింది. పేజీ మారేలోపు ఆమె వంటింట్లోకి వెళ్లి పప్పు కలిపి వచ్చేది. మోతీనగర్ నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించాను. అతను వచ్చేసరికి ఆమె ఇంట్లో లేదు. మూత విప్పి చూసి, ర్యామ్ పెంచితే ఇంకో రెండేళ్లు నడుస్తుందన్నాడు.

ఆమె వచ్చాక, "ఏమన్నాడండీ?" అని అడిగింది.

"ఇక పనిచేయదన్నాడు. కొత్తది కొనడమే మంచిది," అన్నాను.

నాకు సీడీ డ్రైవున్న కంప్యూటర్ కావాలి. మా కాలేజీలో పనిచేసే ఒకాయన ఇంట్లో విజ్ఞానసర్వస్వం మొత్తం ఒక్క సీడీలో చూశాను. అప్పటినుంచి మనసు దానిమీదే ఉంది. అడిగితే ఆమె కాదనేది కాదు. కానీ ఆమె పనిచేసుకునే వస్తువును నా సరదా కోసం మార్చమనడానికి నామోషీ అనిపించింది.

పాతది ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాం. కొత్తది బిగించడానికి ఆ మెకానిక్కే వచ్చాడు. ఆమెకు అలవాటైన తెలుగు సాఫ్ట్‌వేర్ అందులో నడవలేదు. ఇంకొకటి వేశాడు. అందులో అక్షరాలన్నీ వేరే కీల మీద ఉన్నాయి. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే అతను చూడలేకపోయాడు.

"నేను గప్పుడే చెప్పిన గద సార్. పాతదాంట్ల ర్యామ్ ఏస్తే ఇంకో రెండేండ్లు నడుస్తుండె."

ఆమె విన్నది. నా వైపు చూడలేదు. "టీ తాగి వెళ్లు బాబూ," అని లోపలికి వెళ్లింది.

తర్వాత చాలా నెలలు కీబోర్డు చూస్తూనే టైపు చేసింది. గంట పని పూటంతా పట్టేది. సినిమావాళ్లు అంతసేపు ఆగరు. స్క్రిప్టులు శ్రీనగర్ కాలనీలోని డీటీపీ షాపుకు వెళ్లడం మొదలైంది. మెల్లగా మా ఇంటికి రావడం మానేశాయి. నేను కోరుకున్న సీడీ కొన్నాను. నాలుగు రోజులు చూశానేమో.

ఒకప్పుడు స్క్రిప్టులు తెచ్చిన అసిస్టెంటు ఒకతను, డైరెక్టరయ్యాక ఆమెను చూడటానికి వచ్చాడు.

"ఆ పాత పెట్టెనే ఉంచుకోవాల్సిందక్కా," అన్నాడు.

"అది ఇక పనిచేయదన్నారు తమ్ముడూ. పాపం, ఈయనే తిరిగి తిరిగి కొత్తది కొనిపెట్టారు."

నేను అక్కడే ఉన్నాను. పేపరు పేజీ తిప్పాను. ఆమె ఆ సంగతి నన్ను ఏనాడూ అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు.

ఆమె పోయినప్పుడు పరామర్శకు అతనూ వచ్చాడు. నా పక్కన కూర్చుని, "ఆ కంప్యూటర్ పాడవకపోయుంటే అక్క ఇంకా ఎంత పని చేసేదో సార్," అన్నాడు.

అవునన్నాను.