అరుణకుమారి ఇంట్లో టీవీ

మోపిదేవిలో మా పక్కింటి అరుణకుమారి పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటుంది. డే కేర్ అనే పేరు ఉద్యోగాలు చేసే తల్లులు పెట్టిందే, ఆవిడ గుమ్మానికి బోర్డు కూడా లేదు. పొద్దున్నే చల్లపల్లి, అవనిగడ్డ బస్సులెక్కే టీచర్లు, బ్యాంకు అమ్మాయిలు మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లల్ని ఆవిడ చేతికిచ్చి వెళ్తారు. పిల్లలందరికీ ఆవిడ అమ్మమ్మే.

అన్నాలయ్యాక చాప పరిచి చింతగింజలు పోసేది. పిల్లలు వాటితో చేపలు, పడవలు పేర్చుకునేవాళ్ళు. మధ్యమధ్యలో "ఇప్పుడేం వినపడిందర్రా?" అని అడిగేది. ఎవరి బండి వెళ్ళిందో, ఏ పిట్ట అరిచిందో చెప్పడమే ఆట. అందులో లోహిత్‌ని మించినవాడు లేడు. గోడమీద బల్లి కదిలినా ముందు వాడే చూసి అందరికీ చాటింపు వేసేవాడు. వాణ్ణి చూస్తే నాకు భలే ముద్దొచ్చేది.

వాళ్ళమ్మ ఉమాశ్రీకి మాత్రం ఆ గింజలు చూస్తే ఒళ్ళుమంట. "పిన్నిగారూ, ఈ కాలంలో చింతగింజలేంటండీ? ఏ ముక్కులోనో పెట్టుకుంటే? టీవీలో రైమ్స్ పెట్టండి, నాలుగు ఇంగ్లీషు ముక్కలైనా వస్తాయి" అంది. మిగతా తల్లులూ సరేనన్నారు. అందరూ కలిసి పెద్ద టీవీ తెచ్చి గోడకి తగిలించారు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో పిల్లల సందడి లేదు. అరుణకుమారికీ సుఖంగానే ఉంది. ఇన్నాళ్ళకి వేడన్నం తింటున్నానని నాతో చెప్పి మురిసిపోయింది. నేను మూతి తిప్పుకుని ఊరుకున్నాను, నన్నడిగిందెవరు గనక!

మొన్న వానల్లో ఒక మధ్యాహ్నం పెరుగుకి తోడు కావాలని వాళ్ళింటికి వెళ్ళాను. వంటగది గుమ్మంలో అరుణకుమారి చేతులు జోడించి కొయ్యబారి నిలబడి ఉంది. ఆవిడ చూస్తున్న వైపు చూశాను. పెరటి తూములోంచి వచ్చిందేమో, నల్లటి పాము టీవీకీ పిల్లలకీ మధ్యనుంచి పోతోంది. మా ఇళ్ళలో దాన్ని పేరు పెట్టి పిలవం, స్వామి అంటాం. కనిపిస్తే దణ్ణం పెట్టి దారిస్తాం. అరిస్తే పిల్లలు ఎటు ఉరుకుతారో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అది లోహిత్ పాదానికి తోక తగిలిస్తూ వరండా దాటి చేలోకి వెళ్ళిపోయింది. పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు.

సాయంత్రానికి వీధంతా ఆ ఇంట్లోనే ఉంది. ఉమాశ్రీ కొడుకుని వాటేసుకుని ఒకటే ఏడుపు. ఎదురింటి భుజంగరావుగారు కళ్ళు తుడుచుకుంటూ "పసివాళ్ళు అలా కదలకుండా కూర్చున్నారంటే మాటలా అమ్మా? స్వామే పట్టి కూర్చోబెట్టాడు" అన్నారు. పిల్లలందరిచేతా రేపు గుళ్ళో పుట్టలో పాలు పోయించాలని అక్కడికక్కడే అనుకున్నారు. నాకూ ఒళ్ళు జలదరించింది, ఎందుకు అబద్ధం!

అరుణకుమారి లోహిత్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "స్వామి నీ కాలిపక్కనుంచే వెళ్ళాడు కదరా, భయమెయ్యలేదూ?"

"ఏ స్వామి?"

"పాము రా, పాము!" ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"పామెక్కడుంది? ఎలుగుబంటి డాన్స్ చేసింది అమ్మమ్మా!"

ఆవిడ పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే దగ్గరకి పిలిచి అడిగింది. అందరూ టీవీలో ఎలుగుబంటి గురించే చెప్పారు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చూడకపోవడమే మంచిదైంది పిన్నిగారూ! చూస్తే దానిమీదే కాలేసేవాళ్ళు" అంది ఉమాశ్రీ.

"ఇవాళ మంచిదైందమ్మా. కాలికి తోక తగిలినా తెలియని పిల్లల్ని రేపు నేనెలా కాసేది? మీరు నాకు అప్పజెప్పినప్పుడు ఇలా లేరే వీళ్ళు!" అంటూ అరుణకుమారి బావురుమంది. లేచి వెళ్ళి టీవీ ప్లగ్గు పీకేసింది.

మర్నాడు గుడికి వెళ్ళొచ్చి, అన్నాలయ్యాక, ఆవిడ మళ్ళీ చాప పరిచి చింతగింజలు పోసింది. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. గోడమీద ఆపేసిన టీవీకేసి చూస్తూ కూర్చున్నారు. బయట వాన, చేలో కప్పల గోల, రోడ్డుమీద అవనిగడ్డ బస్సు హారన్.

"ఇప్పుడేం వినపడిందర్రా?" అంది అరుణకుమారి. ఆవిడ లోహిత్ గడ్డం పట్టుకుని మళ్ళీ అడిగింది.

వాడు కాసేపు విని "ఏమీ వినపడట్లేదు అమ్మమ్మా, టీవీ ఆపేశావుగా" అన్నాడు.