టెఫ్లాన్ దిమ్మ మీద గంధం బొట్టు

మా ప్రిన్సిపాలుకి మామిడి తోటల గురించి తెలిసినంతగా భూమ్మీద మరే విషయమూ తెలియదు. రెడ్డిగూడెం దగ్గర ఆయనకి తోటలుండేవి. ఏ చెట్టు ఏ ఏడు కాపు తప్పిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అలాంటివాణ్ణి తెచ్చి కాలేజీకి ప్రిన్సిపాల్ని చేశారు. డెబ్బైల్లో తిరువూరులో ఉండేది ఆ ప్రైవేటు కాలేజీ. ఇప్పుడు లేదు. లేకపోవడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. అందులో నేను ఫిజిక్సు లెక్చరర్ని.

నేను ఆంప్లిఫయరు తయారుచేస్తున్నానని తెలిసి ఆయన మొహం చాటంత చేసుకున్నాడు. "మంచి పనండీ. వార్షికోత్సవానికి మైకుసెట్టు అద్దెకి తెచ్చుకునే బాధ తప్పుద్ది" అన్నాడు. ఇది పాటలు వినిపించేది కాదండీ, ఒక ఆంపియరులో లక్ష కోట్లవ వంతు కరెంటుని కొలిచేది అని ఓపిగ్గా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంత తక్కువ కరెంటుతో ఏం వెలుగుద్దండీ?" అన్నాడు. ఏమీ వెలగదన్నాను. "మరెందుకు?" అన్నాడు. ఆయన మీద మిగిలిన కాస్త గౌరవమూ ఆ రోజుతో పోయింది. స్టాఫురూములో మిగతావాళ్ళు ఇంతకన్నా మెరుగేం కాదు. ఊరివాళ్ళ సంగతి సరేసరి. ఎ.కొండూరు నుంచి మా దగ్గర చదివే ఓ కుర్రాడి తండ్రి వచ్చి, కూతురి పెళ్ళికి దాన్ని రెండు రోజులు ఇమ్మన్నాడు. ఇవ్వనంటే నన్ను పిసినారి కింద జమకట్టి పోయాడు.

అది నాకెందుకో చెబుతాను. యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు రాళ్ళలోంచి వెలువడే రేడియేషను మీద పనిచేసేవాడు. ఆ రేడియేషను మూసిన డబ్బాలోని గాలిలో పుట్టించే కరెంటు అంత చిన్నది. దాన్ని నమ్మకంగా కొలిచే ఆంప్లిఫయరు చేసి చూపిస్తే నన్ను పీహెచ్‌డీకి తీసుకుంటానన్నాడు. దసరా సెలవులయ్యాక తనే వచ్చి చూస్తానన్నాడు. ఆ ఒక్క అవకాశం తప్పిందంటే నేను ఆ స్టాఫురూములో ఆ మొహాలే చూస్తూ రిటైరు కావాలి. ఆ ఊహకే నాకు అన్నం సహించేది కాదు.

అంత చిన్న కరెంటుకి లోకమంతా శత్రువే. గోడలో వైరుంటే దాని రొద మీటరు సూదిలో కనిపిస్తుంది. మా ల్యాబు రోడ్డు పక్కన ఉండేది. భద్రాచలం బస్సు మన చెవికి వినిపించకముందే సూది వణికేది. అందుకని పనంతా బ్యాటరీల మీద, మధ్యాహ్నం కరెంటు కోత ఉన్న రెండు గంటల్లో చేసేవాళ్ళం. ఊరంతా విసనకర్రలు పట్టుకుని కరెంటాఫీసుని తిడుతుంటే మేం పండగ చేసుకునేవాళ్ళం.

మేం అంటే నేనూ, మా ల్యాబు అటెండరూ. ఆయన్ని అందరూ భాయ్ అనేవాళ్ళు. యాభై ఏళ్ళుంటాయి, ఉద్యోగం టెంపరరీ. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ ఇత్తడి గిన్నెలకి కళాయి పూత పూసే పని. మొదట్లో నాకు ఆయనంటే చులకనే. నాకు ఎవరంటే చులకన కాదు గనక! కానీ ఒకసారి నా అతుకులు మూడు వరసగా ఊడిపోతే, "నేను వెయ్యనా సార్?" అని సోల్డరింగు కడ్డీ అందుకున్నాడు. ఆయన వేసిన అతుకు వెండి చుక్కలా మెరిసింది. ఇక ఆ తర్వాత నేను కడ్డీ ముట్టుకోలేదు.

ఆ పెట్టెకి ప్రాణమంతా ఒక తెల్లటి టెఫ్లాన్ దిమ్మలో ఉండేది. కొలవాల్సిన కరెంటు వచ్చే తీగ దాని మీద నిలబడేది. మరి దేని మీద నిలబెట్టినా కరెంటు అందులోంచి జారిపోతుంది. టెఫ్లాన్ మీద కూడా వేలు తగిలితే చాలు, ఆ చెమట ఉప్పు మీదుగా కారిపోతుంది. భాయ్ అతుకు వేసిన ప్రతిసారీ దిమ్మ ఊడదీసి, స్పిరిట్లో కడిగి, ఎండబెట్టి, బిగించేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. "కళాయి పట్టడానికి చల్లే నవసాగరం సరిగ్గా కడక్కపోతే గిన్నె పచ్చబడుద్దండి. ఇదీ అంతేగా" అనేవాడు.

దసరా సెలవులు దగ్గర పడుతుండగా కొలతలు సరిచూశాం. తెలిసిన వోల్టేజీని తెలిసిన పెద్ద రెసిస్టరు గుండా పంపితే ఎంత కరెంటు రావాలో కాగితం మీద లెక్క తేలుతుంది. సూది సరిగ్గా అక్కడ నిలబడాలి. నిలబడింది. మర్నాడు కూడా అక్కడే నిలబడింది. ఆ మధ్యాహ్నం నేను భాయ్ భుజం తట్టాను. ఆ కాలేజీలో నేను భుజం తట్టిన మనిషి ఆయనొక్కడే.

సెలవులకి ముందు రోజు ల్యాబులో ఆయుధ పూజ. ప్రిన్సిపాలు పసుపు, కుంకుమ, గంధం ఉన్న పళ్ళెంతో బయల్దేరి బీరువాలకీ, తక్కెళ్ళకీ, గోడ గడియారానికీ బొట్లు పెడుతూ వచ్చాడు. మా పెట్టె మూత తీసి ఉంది, దిమ్మ అప్పుడే కడిగి బిగించాం. ఆయన లోపలికి వంగి చూసి, "ఇదేనా అసలు భాగం?" అని గంధంలో వేలు ముంచాడు.

"అక్కడ తడి తగలకూడదండీ" అన్నాడు భాయ్, తలుపు దగ్గర్నుంచి.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అన్నాడు ప్రిన్సిపాలు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ప్రిన్సిపాలు నా వైపు చూశాడు. పీహెచ్‌డీ దరఖాస్తు మీద ఆయన సంతకం కావాలి నాకు. "పెట్టండి సార్, పర్లేదు" అన్నాను. దిమ్మ మీద ఇంత గంధం, దాని మీద కుంకుమ, చుట్టూ పసుపు.

అందరూ వెళ్ళాక జేబురుమాలు తీసి తుడిచాను. "ఊడదీసి కడగాలి సార్, సందుల్లోకి దిగుద్ది" అన్నాడు భాయ్. "నాకు చెబుతావా?" అన్నాను. ఎమ్మెస్సీ చదివింది నేను కదా మరి. మూత బిగించి ఇంటికి పోయాను.

సెలవులయ్యాక ప్రొఫెసరు వచ్చాడు. కరెంటు పోయే దాకా కూర్చున్నాం. స్విచ్చి వేశాను. ఏ కరెంటూ ఇవ్వకుండానే సూది మెల్లగా కదలడం మొదలుపెట్టి, చివరిదాకా పోయి అక్కడ పడుకుంది. మళ్ళీ వేశాను. మళ్ళీ పడుకుంది. ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దిమ్మ మీద ఎవరో మురికి చేతులు పెట్టారు. ఇది ల్యాబా, చేపల బజారా?" అన్నాడు.

ప్రిన్సిపాలు నా వైపు తిరిగి, "దీన్ని ఎవరెవరు ముట్టుకుంటారండీ?" అన్నాడు.

నాకు ఆ క్షణంలోనే తెలుసు. గంధం, కుంకుమ, నా జేబురుమాలు, అన్నీ కళ్ళముందే ఉన్నాయి. భాయ్ గోడకి ఆనుకుని నన్నే చూస్తున్నాడు. "అతుకులన్నీ భాయ్ వేస్తాడండి" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ప్రొఫెసరు నెల గడువిచ్చి వెళ్ళాడు. మరుసటి సోమవారం నుంచి భాయ్ కాలేజీకి రాలేదు. రావద్దన్నారట.

నేను ఒక్కణ్ణే కూర్చుని దిమ్మ ఊడదీశాను. మర సందులో పసుపు పచ్చటి చార గట్టిపడి ఉంది. స్పిరిట్లో కడిగాను, ఎండబెట్టాను. సూది వెళ్ళి దాని చోట అది నిలబడింది. నెలకి వచ్చి చూసి ప్రొఫెసరు సరేనన్నాడు. దరఖాస్తు పట్టుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్ళాను. సంతకం పెడుతూ, "చూశారా, ఆ మనిషిని తీసేశాక ఎలా బాగుపడిందో!" అన్నాడు. చెప్పాలంటే అదే సమయం. "అవునండి" అని దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా సంతకం ఆరిందో లేదో చూసుకోవడం మర్చిపోలేదు.

యూనివర్సిటీకి వెళ్ళే ముందు బస్టాండు పక్క బజార్లో భాయ్ కనిపించాడు. నేలలో గుంట కొలిమి, తోలు తిత్తి, ఎవరిదో పెళ్ళివంటల గుండిగ. తప్పుకుని పోదామనుకున్నాను గానీ ఆయనే పిలిచాడు.

"సూది నిలబడిందా సార్?"

"నిలబడింది."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఊడదీసి కడిగారుగా? నేను చెప్పలా?" అన్నాడు.

సిగ్గు లేకుండా, "ఆ రోజు నువ్వే చెప్పొచ్చుగా భాయ్, గంధం వల్లనని" అన్నాను.

ఆయన తిత్తి ఊదడం ఆపాడు. "పూజ బొట్టు వల్ల చెడిపోయిందని నా నోటితో ఎట్టా అంటానండీ, అంతమందిలో? మీరంటారని చూశాను" అన్నాడు. అని మళ్ళీ తిత్తి అందుకున్నాడు.

బస్సెక్కాను. విజయవాడ దాకా ప్రిన్సిపాల్ని తిట్టుకోవాలని చూశాను, కుదరలేదు. ఆ మూర్ఖుడు తెలియక బొట్టు పెట్టాడు. నేను తెలిసి ఊరుకున్నాను.