పది రూపాయల బిళ్లల్లో నిజాం రూపాయి

సెలవు రోజున మనుషులు చేసే పనుల్లో నాది కాస్త మర్యాదైనదేనని నా నమ్మకం. బ్యాంకులో నోట్లిచ్చి చిల్లర సంచులు తెచ్చుకుంటాను. నేల మీద పాత దుప్పటి పరిచి, ఆ బిళ్లలన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూస్తాను, వెండిది తగులుతుందేమోనని. తగలదు. రోజువారీ చిల్లరలో వెండి కలపడం మా నాన్న పుట్టకముందే మానేశారు. ఆ సంగతి తెలిసి కూడా వెతకడాన్ని మా ఆవిడ ఒక మాటతో పిలుస్తుంది. ఆ మాట ఇక్కడ రాయను.

వెండి లేకపోయినా వేరేవి దొరుకుతాయి. బిళ్ల మీద సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో అచ్చయింది. ఎప్పుడో ఎవరి జయంతికో తెచ్చిన ఐదు రూపాయల బిళ్ల, అచ్చు పక్కకు జరిగిపోయిన రెండు రూపాయల బిళ్ల కూడా కనపడుతుంటాయి. అచ్చు తప్పినదానికే విలువెక్కువ. నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో, మాత్రల నాణ్యత పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. వారమంతా తప్పున్న మాత్రల్ని పక్కకు తీసి పారేయిస్తాను. ఆదివారం తప్పున్న బిళ్లల్ని పక్కకు తీసి దాచుకుంటాను. రెండింటికీ జీతం మాత్రం ఒక్కటే.

మేముండేది కర్దనూర్‌లో, ఒక కిరాణా దుకాణం వెనక రెండు గదుల్లో. ఇల్లూ దుకాణమూ ఒక పెద్దమ్మవి. ఆమె కొడుకు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతాడు కాబట్టి ఈ వ్యవహారంలో అతని ప్రసక్తి రాదు. కోడలిది హత్నూర వైపు, బీకాం చదివింది, పెళ్లై ఏడాది దాటింది. సరుకు తెప్పించడం, లెక్క చూడడం, ఫోన్లో డబ్బు పడిందో లేదో చూసుకోవడం అంతా ఆ పిల్లే. గల్లాపెట్టె తాళంచెవి మాత్రం అత్త బొడ్లోనే ఉండేది.

పెద్దమ్మ దగ్గర ఒక నిజాం రూపాయి ఉంది. చార్మినార్ బొమ్మది, అసలు వెండిది. దుకాణం అప్పజెప్పిన రోజు ఆమె అత్త ఇచ్చిందట. ప్రతి అమావాస్యకూ పొద్దున్నే దాన్ని పాలతో కడిగి, పసుపు రాసి, గల్లాపెట్టె మీద లక్ష్మి పటం ముందు పెట్టి దండం పెట్టుకునేది. నేను భూతద్దం పట్టుకుని వెళ్లేసరికి అది మాయమయ్యేది. ఎక్కడ దాస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. దుకాణం నడిచేది ఆ రూపాయి వల్లనేనని ఆమె నమ్మకం. పక్కనే కార్మికుల హాస్టళ్లు రెండుండడం వల్లనని నా అభిప్రాయం. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఇక్కడ పది రూపాయల బిళ్ల సంగతి చెప్పాలి. మా వైపు అది చెల్లదు. చట్టప్రకారం చెల్లుతుంది, బ్యాంకు తీసుకుంటుంది, తీసుకుంటామని గోడ మీద కాగితం కూడా అంటించింది. అయినా కూరగాయలామె తీసుకోదు, ఆటో అతను తీసుకోడు. బంద్ అయిందట, నకిలీవట అని ఎవరో ఎప్పుడో అన్నారు. అందరూ నమ్మారు, నమ్మకం స్థిరపడిపోయింది. హాస్టల్ కుర్రాళ్లు కొత్తలో తెలియక ఆ బిళ్లలు ఇస్తుండేవాళ్లు. పెద్దమ్మ వాళ్లను కాదనలేక తీసుకుని, బల్ల కింద పాత పాలపొడి డబ్బాలో పడేసేది. ఆ డబ్బా నిండుతూ వచ్చింది.

దీపావళి అయిన వారానికి కోడలితో నేనే మాటల్లో అన్నాను, ఆ బిళ్లల్ని బ్యాంకు కాదనదు, డబ్బా ఊరికే ఎందుకు పడుంది అని. ఆ పిల్లకు మాట నచ్చింది. అత్త సంగారెడ్డి పెళ్లికి పోయిన రోజు చూసి, డబ్బా మొత్తం సంచిలో గుమ్మరించి, బ్యాంకుకు పోయి అత్త ఖాతాలో వేసి వచ్చింది. అడిగి చేసిన పని కంటే అడగకుండా చేసి చూపించిన పనికి మెప్పు ఎక్కువని ఆమె లెక్క. డబ్బా బోసిగా కనపడొద్దని అందులో రూపాయి బిళ్లలు పోసి మూత పెట్టింది. పాస్‌బుక్కులో ఎక్కాక చూపించి ఆశ్చర్యపరుద్దామనుకుంది.

ఆశ్చర్యం ఆమెకే ఎదురైంది. రెండు రోజుల తర్వాత తను బల్ల కింద ఊడుస్తుంటే పెద్దమ్మ హెచ్చరించింది, ఆ డబ్బా జరపొద్దని, నిజాం రూపాయి ఉన్నది అందులోనేనని. ఆమె తర్కంలో నాకిప్పటికీ లోపం కనపడదు. దొంగ వస్తే గల్లాపెట్టె పగలగొడతాడు, బీరువా వెతుకుతాడు. చెల్లని బిళ్లల డబ్బా మోసుకుపోయే దొంగ మా మండలంలో పుట్టలేదు. పసుపు పూసి పూసి ఆ వెండి రూపాయి కూడా పది రూపాయల బిళ్లలాగే పచ్చగా కనపడేది. ఇంత పకడ్బందీ ఏర్పాటును ఎవరైనా తీసుకెళ్లి బ్యాంకులో జమ చేస్తారని మాత్రం ఆమె ఊహించలేదు.

ఆ సాయంత్రం కోడలు మా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. జరిగింది చెప్పింది. ఏడవలేదు గానీ, ఏడిస్తే నయమనిపించేలా ఉంది మొహం.

"అన్నా, నువ్వు బ్యాంకు సంచులు తెస్తవు గదా. జెర గా సంచి తెచ్చి ఎతుకవా? అమావాస్యకు అత్తమ్మ డబ్బా తెరుస్తది. ఇంక తాళంచెవి నా చేతికియ్యనే లేదు. ఇది తెలిస్తే ఇగ ఎన్నటికీ ఇయ్యది."

అత్తకు చెప్పేయమన్నాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు, చదువుకున్నవాడివై ఉండి ఇంత అమాయకుడివేంది అన్నట్టు ఉంది. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది. ముఖ్యంగా బ్యాంకు క్యాషియర్‌కు. ఆయనది జోగిపేట, కానీ ఆయన మరదలు మా గల్లీలోనే ఉంటుంది, ఉప్పూ పప్పూ ఈ దుకాణంలోనే కొంటుంది. ఆయన చెవిన పడ్డ మాట పొద్దుగూకేలోపు తూకం రాయి పక్కకు వచ్చి కూర్చుంటుందని కోడలి భయం.

మర్నాడు డ్యూటీ మధ్యలో బ్యాంకుకు పోయి పది రూపాయల బిళ్లలు కావాలన్నాను. క్యాషియర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ బిళ్లలు వద్దని గొడవపడ్డవాళ్లను చూశాడు గానీ, కావాలని వచ్చినవాణ్ని చూడడం అదే మొదలు. ఎన్ని కావాలంటే అన్ని తీసుకోమన్నాడు. నా మీద ఆయనకు ఆరోజు కలిగిన గౌరవం మా కంపెనీలో ఇన్నేళ్లకూ ఎవరికీ కలగలేదు.

సంచి తెచ్చి దుప్పటి మీద పోశాను. లేదు. తిరిగిచ్చి ఇంకో సంచి తెచ్చాను. అందులోనూ లేదు. మామూలుగా వెతికిన చిల్లరను దుకాణాల్లో ఇచ్చేస్తాను, వాళ్లకూ అవసరమే. వీటిని ఎవరికిచ్చేది? మళ్లీ బ్యాంకుకే మోయాలి. మోశాను. స్కూటరు వెనక చక్రం గాలి తగ్గింది. మా ఆవిడ దుప్పటి చుట్టూ తిరిగి వంటగదిలోకి పోవడం అలవాటు చేసుకుంది. ఇంట్లో ఇంత డబ్బు మూలుగుతున్నా పాలవాడికి ఇవ్వడానికి పనికిరాదు కదా అని ఒకసారి మాత్రం అంది.

నాకు ఈ వెతుకులాట కొత్తగా ఉండింది. ఇన్నేళ్లూ ఏదైనా దొరికితే చాలని వెతికాను. ఏదో ఒకటి అనేదానిలో హాయి ఉంది, దొరక్కపోయినా ఎవరి కొంపా మునగదు. ఇప్పుడు కావలసింది ఒక్కటే బిళ్ల, అదీ నాది కాదు. మధ్యలో ఒకసారి, చాలా అరుదని పుస్తకాల్లో చెప్పే అచ్చుతప్పిన పది రూపాయల బిళ్ల చేతికొచ్చింది. లోపలి తెల్ల భాగం బయటి పచ్చ చుట్టులోకి జరిగిపోయి ఉంది. వేరే రోజైతే వీధంతా పిలిచి చూపేవాణ్ని. దాన్ని కూడా కుప్పలో వేసేసి తర్వాతది తీశాను. వేసేశానని గుర్తొచ్చింది మూడు రోజుల తర్వాత.

అప్పుడే ఇంకోటి కూడా తెలిసింది. అంచున గాటుపడ్డ ఒక బిళ్ల నా చేతికి ఇదివరకే వచ్చింది. మళ్లీ వచ్చింది. క్యాషియర్ పాపం నా ఉత్సాహం చెడగొట్టలేక, నేను తిరిగిచ్చిన సంచుల్నే నాకు మళ్లీ ఇస్తున్నాడు.

అమావాస్య ఎల్లుండి. సంచి బ్యాంకు బల్ల మీద పెట్టి, ఎవరి పేరూ చెప్పకుండా క్యాషియర్‌ను అడిగాను, బిళ్లల్లో బిళ్ల కానిది ఏదైనా కలిసి వస్తే ఏం చేస్తారని.

"తీసి పక్కకేస్త సార్. తూకంల తేడా వస్తది గదా," అని సొరుగు లాగి ఒక ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. అందులో ఇనుప వాషర్లు, ఏదో సౌదీ చిల్లర, ఒక చొక్కా గుండీ ఉన్నాయి. వాటి మధ్య, పసుపు అంటుకుని, నిజాం రూపాయి.

నేను చెయ్యి చాపాను. ఆయన మర్యాదగానే డబ్బా వెనక్కి జరుపుకున్నాడు.

"గది మీది కాదు గదా. జమ చేసిన పిల్లకు గప్పుడే చెప్పిన, ఒకటి చెల్లదమ్మా, పక్కకు పెట్టిన అని. రష్‌ల తల ఊపింది, పోయింది. ఖాతా పెద్దమ్మది. పెద్దమ్మనే రమ్మనుండ్రి, ఆమె చేతికే ఇస్త."

బ్యాంకు మొత్తంలో ఉన్న ఒకే ఒక్క వెండి బిళ్లను చెల్లదని మొదటిరోజే పక్కకు తీసి పెట్టారు. నేను పది రోజులుగా మోసినవన్నీ చెల్లేవి. మొదటిరోజే అడిగి ఉంటే అయిపోయేది. కానీ ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, అదీ నిజమే.

కోడలికి చెప్పాను. దొరికిందన్నప్పుడు ఆమె మొహం ఎంత వెలిగిందో, అత్త రావాలట అన్నప్పుడు అంత పడిపోయింది. సంతకం తనే పెడితే కాదా అని అడిగింది.  తర్వాత తనే కొంగు సర్దుకుని, దుకాణంలోకి నడిచింది. నేను సబ్బు కొనే నెపంతో వెనక పోయాను. మా ఇంట్లో సబ్బు ఉంది.

పెద్దమ్మ ఎవరికో చక్కెర తూస్తోంది. కోడలు ఆ మనిషి వెళ్లేదాకా ఆగలేదు. ఆగితే చెప్పలేననుకుందేమో. డబ్బా, సంచి, బ్యాంకు, చెల్లని బిళ్ల అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పెద్దమ్మ చక్కెర తూకం సరిచేసింది, పొట్లం కట్టింది, పైసలు తీసుకుంది. ఆ మనిషి వెళ్లాక కోడలి వైపు తిరిగింది.

"ఎన్ని దినాలైతుంది?"

చెప్పింది.

"గన్ని దినాలు నీ కడుపుల్నే పెట్టుకున్నవా," అంది పెద్దమ్మ. తిట్టో జాలో నాకు అర్థం కాలేదు. కోడలికీ అర్థమైనట్టు లేదు.

మర్నాడు ఆమె పట్టుచీర కట్టుకుని బ్యాంకుకు బయల్దేరింది. కోడలు వెంట వచ్చింది. షేరాటోలో చోటు లేక నేను స్కూటరు మీద వెళ్లాను. క్యాషియర్ నవ్వుతూ, ఆ బిళ్ల ఆమెదేననడానికి గుర్తేందని అడిగాడు. ఒక దిక్కు చార్మినార్, ఇంకో దిక్కు తురక రాత అంది పెద్దమ్మ, చదవరాదు గానీ వేలు పెడితే తెలుస్తుందని. ఆయనకు ఉర్దూ వచ్చు, బిళ్లను వెలుతురుకు పట్టుకుని ఆ రాత చదివాడు.

"యేక్ రూపియా, అని ఉన్నది పెద్దమ్మా. సుట్టూత హైదరాబాద్ల కొట్టిందని."

"గంతేనా?"

"గంతే."

"ఇన్నేండ్ల సంది ఏ మంత్రమో అనుకుని మొక్కుతున్న," అంది పెద్దమ్మ. తర్వాత ఆయన మీద ఒక నింద వేసింది. ఇన్నిసార్లు మరదలింటికి వస్తాడు, ఒక్కసారైనా దుకాణానికొచ్చి చదివి చెప్పి ఉండొచ్చు కదా అని. ఆయన తప్పు ఒప్పుకున్నాడు.

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, రూపాయిని కొంగుతో తుడిచింది. దాచుకోలేదు. బొడ్లోంచి తాళంచెవి తీసి రెండూ కోడలి చేతిలో పెట్టింది.

"ఇగ నువ్వే దాయి. ఏడ దాస్తవో నాకు సెప్పకు."

కోడలు వద్దంది. అత్తమ్మా మీ దగ్గరే ఉండనీయండ్రి అని రెండుసార్లంది. పెద్దమ్మ వినలేదు, ఆటో పిలుస్తోంది. ఆ పిల్ల రెండు అరచేతులూ మూసుకుని, లోపల పిట్టపిల్ల ఉన్నట్టు పట్టుకుని నిలబడింది. ఆమె కోరుకున్నది ఆమెకు దొరికింది. అది ఇంత బరువుంటుందని అప్పుడే తెలిసినట్టుంది.

అమావాస్య పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే దుకాణం ముందు కళ్లాపి చల్లి ఉంది. పెద్దమ్మ గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుంది. ఒళ్లో ఇత్తడి పళ్లెం, చేతిలో పాల గిన్నె. ఇన్నేళ్లలో ఆ రూపాయి కోసం ఆమె ఎదురుచూడడం నేను చూడలేదు. లోపల కోడలు ఏదో జరుపుతున్న చప్పుడు వినపడింది, తర్వాత ఏదో మూత తీస్తున్న చప్పుడు. పెద్దమ్మ తల ఒక్క క్షణం అటు తిరగబోయింది. తిరగలేదు. ఆమె మొహం రోడ్డు వైపు పెట్టుకుని, పోయే లారీలను చూస్తూ కూర్చుంది.